'అలైకుమ్' అని తప్పులేకుండా అనే ఇంట్లో 'హి', 'హిమ్' ఎందుకు తడబడుతున్నాయి?

మొన్నామధ్య ఒక ఖాలా తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. అక్కడి యజమాని పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వడం లేదు. విదేశాంగ శాఖవాళ్ళ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. శ్రీకాకుళం జిల్లాలో గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి లేని ఊరు తక్కువ కాబట్టి ఇలాంటి కాగితాలు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. ఈసారి పదో తరగతి చదువుతున్న ఆ పిల్లే ఇంగ్లీషులో రాసి తెచ్చింది. మధ్యలో మూడు వాక్యాలు ఇలా ఉన్నాయి:

"హి టుక్ హి పాస్‌పోర్ట్. హి ఆస్క్ హి మెనీ టైమ్స్. హి నాట్ గివింగ్ టు హి."

చదివి నవ్వుకోకండి. ఈ మూడు వాక్యాల మీద ఒక మనిషి ఇంటికి రావడం ఆధారపడి ఉంది. ఢిల్లీలోనో ఎంబసీలోనో కూర్చున్న అధికారి ఇది చదివితే ఎవరు తీసుకున్నారు, ఎవరిది తీసుకున్నారు, ఎవరు అడిగారు అన్న మూడు ప్రశ్నలకీ జవాబు దొరకదు. ఖాలాని అడిగాను, అసలేం జరిగింది అని. ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది: "ఉన్‌కా పాస్‌పోర్టు ఉస్‌కే పాస్ హై." తర్వాత తెలుగులో కూడా: "ఆయన పాస్‌పోర్టు వాడి దగ్గరుంది."

గమనించారా? ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. భర్త పేరు ఎలాగూ చెప్పదు, మన ఇళ్ళలో పెద్దవాళ్ళ అలవాటు తెలిసిందే. యజమాని పేరు ఆమెకు నోరు తిరగదు. అయినా ఎక్కడా గందరగోళం లేదు. 'ఆయన' అంటే భర్త, 'వాడు' అంటే యజమాని. ఉర్దూలో 'ఉన్‌కా' గౌరవం, 'ఉస్‌కే' గౌరవం లేనిది. మర్యాదే ఇద్దరినీ విడదీసింది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆ మర్యాద పోయింది. ఆయనా 'హి'నే, వాడూ 'హి'నే. పిల్ల తప్పు సగమే, మిగతా సగం రెండు భాషల మధ్య ఉన్న తేడాది.

పిల్ల చేసిన ఆ సగం తప్పు ఏమిటో ఇప్పుడు చూద్దాం. 'హి', 'హిమ్', 'హిజ్' అనే మూడు మాటలుండగా ఒక్క 'హి'నే అన్ని చోట్లా వాడింది. దీన్నే ఇంగ్లీషు గ్రామర్‌లో కేస్ అంటారు, మన తెలుగు వాచకంలో విభక్తి. పని చేసినవాడైతే 'హి'. పని ఎవరి మీద పడిందో, ఎవరికి చేరిందో వాడైతే 'హిమ్'. వస్తువు ఎవరిదో చెప్పాలంటే 'హిజ్'. నేను బీకాం చదివినదాన్ని కాబట్టి నాకు ఇది లెడ్జర్‌లాగే కనబడుతుంది. పర్సనల్ అకౌంట్‌కి మొదటి క్లాసులో నేర్పే సూత్రం పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. ఇచ్చినవాడు 'హి', పుచ్చుకున్నవాడు 'హిమ్'. ఎంట్రీ తిప్పి రాస్తే బాకీ ఉన్నవాడు బాకీ రావలసినవాడైపోతాడు.

వరస మొత్తం ఒకసారి చెప్పుకుందాం. ఐ, మీ, మై, మైన్. వి, అస్, అవర్, అవర్స్. యు, యు, యువర్, యువర్స్. హి, హిమ్, హిజ్. షి, హర్, హర్, హర్స్. దే, దెమ్, దెయిర్, దెయిర్స్. ఇంతే. తెలుగు వాచకంలో సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు బట్టీ పట్టిన పిల్లలకు ఇదో లెక్క కాదు.

కాకపోతే చిన్నపిల్లలకు చెవి దగ్గర ఒక చిక్కుంది. తెలుగులో 'మీ' అంటే ఎదుటివాళ్ళది. ఇంగ్లీషులో 'మీ' అంటే నన్ను, నాకు. ఉర్దూలో 'మైఁ' అంటే నేను. ఇంగ్లీషులో 'మై' అంటే నా. రెండో తరగతి పిల్లవాడు పొద్దున అమ్మీతో ఒక 'మైఁ', బడిలో టీచర్‌తో ఒక 'మీ', ఇంగ్లీషు పీరియడ్‌లో ఇంకో 'మై', ఇంకో 'మీ' వింటాడు. వాడు కాసేపు తికమకపడ్డాడంటే మందబుద్ధి అని కాదు. మన రెండు జిల్లాల్లో ముస్లింలు జనాభాలో ఒక్క శాతం కూడా లేరు. ఎక్కువమందికి బడి తెలుగుది, ఇల్లు ఉర్దూది. మూడు భాషలు ఒకే నోట్లో తిరుగుతున్న పిల్లలు వీళ్ళు.

సలాంలోనే ఉంది సూత్రం

"నాకు ఇంగ్లీషు రాదు, పిల్లలకేం చెప్పను" అనే తల్లుల కోసం ఒక మాట. మీరు రోజుకు పదిసార్లు "అస్సలాము అలైకుమ్" అంటారు. అందులో 'అలా' అంటే మీద, 'కుమ్' అంటే మీరు. అరబీలో వాక్యం మొదట్లో కర్తగా వచ్చే 'మీరు' వేరే ఉంది, అది 'అంతుమ్'. కానీ 'అలా' తర్వాత 'అంతుమ్' రాదు, 'కుమ్' అనే వస్తుంది. 'అలా అంతుమ్' అని సలాం చెప్పినవాళ్ళని ఎప్పుడైనా విన్నారా? ఇంగ్లీషులోనూ అచ్చం ఇదే నియమం. టు, ఫ్రమ్, విత్, ఫర్, బిట్వీన్ లాంటి చిన్న మాటల తర్వాత 'ఐ' రాదు, 'మీ' వస్తుంది. 'హి' రాదు, 'హిమ్' వస్తుంది. అందుకే "గివింగ్ టు హి" తప్పు, "గివింగ్ టు హిమ్" ఒప్పు. "బిట్వీన్ యు అండ్ ఐ" అని పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కూడా అంటుంటారు. పరీక్షలో అది తప్పే, "బిట్వీన్ యు అండ్ మీ" అనాలి.

ఇంకొకటి. సహాబాల పేరు తర్వాత మగవారైతే "రజియల్లాహు అన్‌హు" అంటాం. హజ్రత్ ఆయిషా పేరు తర్వాత "అన్‌హా". చాలామంది అయితే "అన్‌హుమ్". ఆ చివర ఉన్నవే హిమ్, హర్, దెమ్. అరబీ వ్యాకరణం ఒక్క ముక్క చదవని మా నానీ కూడా జీవితంలో ఒక్కసారి ఆయిషా పేరు తర్వాత 'అన్‌హు' అనలేదు. చెవి నేర్పిన విద్య అది. ఇంగ్లీషుకీ చెవే కావాలి, ముందు గ్రామర్ పుస్తకం కాదు.

ఈ సంగతి మన జిల్లావాడే ఒకాయన వందేళ్ళ కిందట చేసి చూపించారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, ఒక్క పుస్తకం కూడా లేని సవర భాషని ఆ మనుషుల నోటి నుంచే నేర్చుకుని, దానికి ఇంగ్లీషులో వ్యాకరణం రాశారు. 1931లో మద్రాసులో అచ్చయింది. వ్యాకరణం మాట్లాడేవాళ్ళ నోట్లో ముందే ఉంటుంది, పుస్తకంలోకి తర్వాత వస్తుంది. మన ఊళ్ళలో ఆడు, ఆడికి, ఆల్లు, ఆల్లకి అంటారే, టీవీవాళ్ళు ఎంత వెక్కిరించినా, అందులో కూడా విభక్తి ఎక్కడా తప్పదు. 'ఆడికి ఇయ్యి' అనాల్సిన చోట 'ఆడు ఇయ్యి' అని ఎవరూ అనరు.

మరి తప్పు ఎక్కడ పుడుతోంది?

నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ తప్పులకు మూలం 'నాకు'. తెలుగులో మనకు జరిగేవన్నీ 'నాకు'తో మొదలవుతాయి. నాకు ఆకలేస్తోంది. నాకు జ్వరం వచ్చింది. నాకు తెలుసు. నాకు ఇద్దరు తమ్ముళ్ళు. నాకు ఆ రంగు నచ్చింది. ఉర్దూలోనూ అంతే, ముఝే భూక్ లగీ, ముఝే బుఖార్ హై, ముఝే మాలూమ్ హై. ఇంట్లో మాట్లాడేటప్పుడు 'మేరేకు' అంటాం, అర్థం అదే. ఆకలి, జ్వరం, తెలివి, ఇష్టం అన్నీ బయటి నుంచి మన దగ్గరికి వచ్చేవి అన్నట్టు రెండు భాషలూ చెబుతాయి. ఇంగ్లీషు అలా చెప్పదు. అక్కడ ఆకలితో ఉన్నవాడే కర్త, జ్వరం కలిగి ఉన్నవాడే కర్త. "ఐ యామ్ హంగ్రీ. ఐ హావ్ ఫీవర్. ఐ నో. ఐ హావ్ టూ బ్రదర్స్. ఐ లైక్ దట్ కలర్." అన్నీ 'ఐ'లే. పిల్లలు 'నాకు' అనగానే 'మీ' అనో 'టు మీ' అనో మొదలుపెడతారు. "టు మీ టూ బ్రదర్స్" అని రాసిన నోటుబుక్కు నేను కళ్ళారా చూశాను.

తమాషా ఏమిటంటే ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా మనలాగే అనేవారు. షేక్‌స్పియర్ నాటకాల్లో 'మీథింక్స్' అనే మాట కనబడుతుంది. దాని అర్థం 'నాకు అనిపిస్తోంది'. మన 'ముఝే లగ్‌తా హై' అన్నమాట. తర్వాత ఆ భాష ఆ దారి వదిలేసింది. పాత ఇంగ్లీషులో మనుషుల పేర్లకూ వస్తువుల పేర్లకూ కూడా విభక్తులుండేవి, అవీ అరిగిపోయాయి. చివరికి మిగిలింది ఈ గుప్పెడు సర్వనామాలూ, పేరు చివర వచ్చే అపాస్ట్రఫీ 'ఎస్' మాత్రమే. మనం 'తమ్ముడికి అన్న డబ్బిచ్చాడు' అన్నా, 'అన్న తమ్ముడికి డబ్బిచ్చాడు' అన్నా ఒకటే, ఎందుకంటే 'కి' కాపాడుతుంది. ఇంగ్లీషులో ఆ 'కి' లేదు, మాట ఉన్న చోటే దిక్కు. అందుకే వాళ్ళ మాస్టర్లు సర్వనామాల దగ్గర అంత పట్టుబడతారు.

అయితే 'నాకు' వచ్చిన ప్రతిచోటా 'ఐ' పెట్టేయమని కాదు. "నాకు పెన్ను ఇవ్వండి" అంటే "గివ్ మీ ఎ పెన్". ఇక్కడ ఇచ్చేవాడు ఇంకొకడు, నేను పుచ్చుకునేవాణ్ణి. పిల్లలకు ఒకే ప్రశ్న వేసి వదిలేయండి: ఇందులో ఇచ్చేవాడో, చెప్పేవాడో, చేసేవాడో ఇంకొకడు ఉన్నాడా? ఉంటే 'మీ', లేకపోతే 'ఐ'. నూటికి నూరూ కాకపోయినా చాలా వాక్యాలు దీంతో గట్టెక్కుతాయి.

రెండో తప్పు మన ఉర్దూ ఇళ్ళకే ప్రత్యేకం. టీచర్లకు కూడా దీని మూలం తెలియక పిల్లల్ని తిడుతుంటారు. "అహ్మద్ వెంట్ విత్ హర్ మదర్" అని రాస్తాడు పిల్లవాడు. అహ్మద్ అబ్బాయి కదా, 'హర్' ఏంటి? వాడి బుర్రలో ఉన్నది 'ఉస్‌కీ అమ్మీ'. ఉర్దూలో కా, కీ అనేవి ఎవరిది అన్నదాన్ని బట్టి మారవు, ఏది అన్నదాన్ని బట్టి మారతాయి. అమ్మీ స్త్రీలింగం కాబట్టి 'కీ'. అహ్మద్‌దైనా ఆయిషాదైనా 'ఉస్‌కీ అమ్మీ'నే, 'ఉస్‌కా భాయి'నే. ఇంగ్లీషులో లెక్క తిరగబడుతుంది. సొంతదారు మగవాడైతే 'హిజ్ మదర్', సొంతదారు ఆడమనిషైతే 'హర్ బ్రదర్'. పైగా ఉర్దూ 'వో'లో ఆడా మగా తేడా లేదు. ఇక్కడ తెలుగు ఆదుకుంటుంది. 'అతని తల్లి', 'ఆమె తమ్ముడు' అని ముందు తెలుగులో అనిపించండి, తర్వాత ఇంగ్లీషు రాయించండి. 'కీ' దారిలోకే రాదు.

'మై', 'మైన్' తేడాకి కూడా తెలుగే మంచి గురువు. ఉర్దూలో 'మేరీ కితాబ్' అన్నా, 'యే కితాబ్ మేరీ హై' అన్నా మాట ఒక్కటే. తెలుగులో 'నా పుస్తకం', 'ఈ పుస్తకం నాది' అని రెండు రూపాలు. నా అంటే 'మై', నాది అంటే 'మైన్'. మీ అంటే 'యువర్', మీది అంటే 'యువర్స్'. ఆమె అంటే 'హర్', ఆమెది అంటే 'హర్స్'. ఈ యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్‌లో ఎక్కడా అపాస్ట్రఫీ పెట్టకూడదు. పెళ్ళి కార్డుల మీద, షాపు బోర్డుల మీద చూసి చూసి కళ్ళు పాడయ్యాయి కానీ, అది తప్పే. 'ఇట్స్' కూడా 'దాని' అనే అర్థంలో చుక్క లేకుండానే, 'ఇట్ ఈజ్' అయితేనే చుక్క.

తెలుగు పెట్టే చిక్కులూ ఉన్నాయి. మనం 'మా అబ్బా', 'మా అన్న' అంటాం, తోడబుట్టినవాళ్ళు లేకపోయినా సరే. దాన్ని 'అవర్ ఫాదర్' అని దించేస్తారు. ఇంగ్లీషులో మాట్లాడేది నేనొక్కదాన్నే అయితే 'మై ఫాదర్' అనాలి. అబ్బాని 'వచ్చారు' అంటాం కాబట్టి గౌరవానికి 'దే' రాసేవాళ్ళున్నారు. అబ్బా ఒక్కరే, కాబట్టి 'హి'. బేఅదబీ ఏమీ కాదు, ఆ భాషలో అదబ్ చూపించే చోట్లు వేరు.

ఇంటర్వ్యూలో "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టడం ఇంకో జబ్బు. నేనూ అలాగే మొదలుపెట్టాను, డిగ్రీ అయిన కొత్తలో, ఒక కంపెనీలో. ఎదురుగా ఉన్నాయన పెన్ను కింద పెట్టి నవ్వారు. మిగతా పది నిమిషాలూ నేనేం మాట్లాడానో నాకే గుర్తు లేదు. "ఐ యామ్ ఫలానా" చాలు. 'మైసెల్ఫ్' అంటే నన్ను నేనే అని, ముందు 'ఐ' ఉంటేనే దానికి బతుకు.

పరీక్షల్లో ఉచ్చు ఎక్కడ పెడతారంటే

ఎస్సెస్సీ వాళ్ళ సీజీఎల్ టైర్ 1లో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకి అర మార్కు కోత. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో సర్వనామాలు ఇష్టమైన ఉచ్చు. ఎక్కువగా 'అండ్' దగ్గర పెడతారు. "ది మేనేజర్ కాల్డ్ సలీమ్ అండ్ ఐ" అని ఇస్తారు. చెవికి గొప్పగా వినబడుతుంది. సలీమ్‌ని కాసేపు బయట కూర్చోబెట్టండి. "ది మేనేజర్ కాల్డ్ ఐ" అంటామా? అనం. కాబట్టి "సలీమ్ అండ్ మీ". అలాగే "మీ అండ్ సలీమ్ వెంట్" అని ఇస్తే సలీమ్‌ని తీసేయండి, "మీ వెంట్" నిలబడదు, "సలీమ్ అండ్ ఐ వెంట్" అవుతుంది. 'లెట్' తర్వాత కూడా 'హిమ్', 'అస్', 'మీ'లే.

హూ, హూమ్‌కి ఒక చిట్కా: హిమ్, దెమ్, హూమ్, మూడూ 'మ్'తో ముగుస్తాయి. జవాబులో 'హిమ్' వచ్చే చోట ప్రశ్నలో 'హూమ్'. 'దాన్' సంగతి కొంచెం తగువులాట. "షి ఈజ్ టాలర్ దాన్ మీ" అని లోకమంతా అంటుంది, తప్పని నేననను. పరీక్ష పేపరు మాత్రం "దాన్ ఐ" కోరుతుంది, అది పెట్టి మార్కు తెచ్చుకోండి. ఒక్కోచోట మాత్రం అర్థమే మారిపోతుంది. "అమ్మీ లవ్స్ హిమ్ మోర్ దాన్ ఐ" అంటే నాకంటే అమ్మీకే వాడి మీద ప్రేమ ఎక్కువ అని. "దాన్ మీ" అంటే నా మీదకంటే వాడి మీద ఎక్కువ అని. ఇళ్ళలో గొడవలయ్యేది రెండోదానికే.

ఇక ఆ అర్జీ దగ్గరికి వద్దాం. పిల్ల చేత 'హి' కింద అన్ని చోట్లా గీత గీయించి, ప్రతి గీత దగ్గరా ఒకటే అడిగాను: ఆయనా, వాడా? వెంటనే చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. తర్వాత నిజమైన చిక్కు వచ్చింది. 'హి', 'హిమ్', 'హిజ్' అన్నీ సరైన చోట పెట్టి "హి టుక్ హిజ్ పాస్‌పోర్ట్" అని రాసినా అధికారికి అర్థం కాదు. గ్రామర్ ఒప్పే, కానీ ఎవరు ఎవరిది తీసుకున్నట్టు? ఇంగ్లీషులో ఆయన, వాడు లేరు కాబట్టి అక్కడ సర్వనామం వదిలేసి మనిషిని పెట్టాలి. ఇద్దరు మగవాళ్ళున్న ఏ ఫిర్యాదులోనైనా, ఆస్తి తగాదా కానీ పోలీసు కంప్లయింటు కానీ, ఇది గుర్తుంచుకోండి. చివరికి ఇలా తేలింది:

"ది ఎంప్లాయర్ హాజ్ టేకెన్ మై హస్బెండ్స్ పాస్‌పోర్ట్. మై హస్బెండ్ హాజ్ ఆస్క్‌డ్ ఫర్ ఇట్ మెనీ టైమ్స్. ది ఎంప్లాయర్ హాజ్ నాట్ గివెన్ ఇట్ బ్యాక్ టు హిమ్."

ఒక్క 'హిమ్' మిగిలింది. అది ఎవరో ఎవరికీ సందేహం రాదు. దాని కింద ఇంకో వాక్యం చేర్చాం, పాస్‌పోర్టు భారత ప్రభుత్వానిది అని. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం, సెక్షన్ 17 చెప్పేది అదే. అంటే అది వాడిదీ కాదు, ఆ మాటకొస్తే పూర్తిగా ఆయనదీ కాదు. ఖాలాకి ఈ ముక్క బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకుంది.

వెళ్ళబోతూ ఆమె ఆగి, "ఇంటికి డబ్బు పంపలేకపోతున్నారని కూడా రాయి బేటా" అంది. పిల్ల పెన్ను తీసి "హి ఈజ్ నాట్ ఏబుల్ టు సెండ్ మనీ టు వి" అని రాసింది. నేను నోరు తెరిచేలోగా 'వి' కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో 'అస్' అని రాసి, నా వైపు చూసింది.